రాత్రివేళ మా కొండ

ఈ శీతకాలమున నేనొక ఛాయాచిత్రమును తీసితిని. ఒక్కటియే యయినను దానికొరకు తొమ్మిది రాత్రులు డాబా యెక్కి దిగవలసి వచ్చినది. వంటయింటి పని ముగించి, తలకు శాలువ చుట్టుకొని, కెమేరాను భుజమునకు తగిలించుకొని, మూడుకాళ్ల స్టాండును చంకలో నిడుకొని మెట్లెక్కుచున్న నన్ను చూచి మావారు మొదట నవ్విరి. పిదప జలుబు చేయునని కసరిరి. మరి రెండు దినములకు వారే దీపము పట్టుకొని వెంట వచ్చిరి. ఏబదియైదేండ్లు దాటినదానికి ఈ చాదస్తమేమని సోదరీమణులు మీరును అనుకొనవచ్చును. మా అత్తగారయితే అనుకొని యూరకుండక ఆ మాట పైకి అననే అనిరి. కావున సంగతి మొదటినుండి చెప్పెదను.

మాది వినుకొండ. ఊరు కొండక్రింద నున్నది. సీతమ్మను రావణుడు కొనిపోయిన వార్తను శ్రీరాముడు జటాయువు నోట ఇచ్చటనే వినెననియు, అందుచేతనే దీనికి విన్నకొండ యను పేరు వచ్చి పిమ్మట వినుకొండ యయినదనియు మా పెద్దలు చెప్పుదురు. కొండమీద రామలింగేశ్వరస్వామి వెలసియున్నాడు. తొలి ఏకాదశినాడు చుట్టుప్రక్కల గ్రామములనుండి జనము తండోపతండములుగ వచ్చి కొండ యెక్కుదురు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీవరకు మేము గుంటూరుజిల్లావారము. ఆ దినమునుండి పల్నాడు జిల్లావారమైతిమి. జిల్లా మారినది గాని కొండ తన చోటనే యున్నది.

నేను కాపురమునకు వచ్చినది 1990లో. ఆ దినములలో మా యింటి వెనుక నిమ్మచెట్టు, గేదెలపాక, గడ్డివామి యుండెడివి. వాని మీదుగా చూచినచో కొండ అడుగునుండి శిఖరమువరకు నిండుగా కనబడెడిది. రాత్రి భోజనములైన పిదప మా అత్తగారు డాబామీదకు వచ్చి, కొండమీది దీపమునకు చేతులు జోడించి, అటుపిమ్మటనే పడుకొనెడివారు. నాకును ఆ యలవాటు తగులుకొన్నది. అమ్మాయి పుట్టిన తరువాత దానిని చంకనెత్తుకొని ఆ దీపమును చూపియే అన్నము తినిపించితిని. చందమామ లేని దినములలో ఆ కొండదీపమే మాకు చందమామ.

ఆ వెనుక స్థలమును 2019లో అమ్మివేసితిమి. అమ్మాయి పైచదువులకు కెనడా పోవలెనని పట్టుపట్టెను. బ్యాంకు అప్పు చాలలేదు. స్థలము మా అత్తగారి పేరున నుండెను. ఆమె రిజిస్ట్రారు కచ్చేరీకి వచ్చి, కండ్లజోడు సవరించుకొని, అక్షరము తప్పకుండ సంతకము చేసి, ఇంటికి వచ్చి నిమ్మకాయలన్నియు కోయించి పచ్చడి పెట్టించిరి. కొన్నవారు ఆరేండ్లు దానిని ముట్టలేదు. చెట్టు అట్లే యుండెను, కొండయు అట్లే కనబడుచుండెను. అమ్మితిమన్న మాట క్రమముగ మరచిపోయితిమి. ఈ ఆశ్వయుజమాసమున ఒకనాటి ఉదయమున యంత్రము వచ్చి చెట్టును పెల్లగించినది. పునాదులు త్రవ్విరి. మార్గశిరము వచ్చునప్పటికి స్తంభములు లేచినవి. వాని తలలపై ఇనుపకడ్డీలు జొన్నచేని మోళ్లవలె నిక్కి నిలిచినవి. అయిదంతస్తుల మేడయట.

ఈ సంగతి అమ్మాయికి వ్రాయలేదు. ఫోనులో మాటలాడినప్పుడును చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అప్పుడు నన్నెవ్వరైన అడిగినయెడల దూరమున నున్న పిల్ల మనసు కష్టపెట్టుట యెందుకని బదులు చెప్పియుందును.

సరిగా ఆ దినములలోనే అది టొరంటో నగరమునుండి ఒక ఛాయాచిత్రమును పంపెను. తానుండు వీధిలో తొలిమంచు కురిసిన రాత్రి తీసినది. అచ్చట ఈ ఋతువున సాయంకాలము అయిదు కాకమునుపే సూర్యుడస్తమించునట. వీధిదీపముల వెలుగు మంచుపై పడి, మంచునుండి మరల ఆకసమునకు లేచి, రాత్రి యయినను చోటంతయు పాలు పొంగినట్లు తెల్లగా నున్నది. మనుష్యుడన్నవాడు లేడు. ఒక యింటి గుమ్మము నెదుట పార మాత్రము ఆనించియున్నది. క్రింద ఇట్లు వ్రాసెను: "అమ్మా, ఇది మా వీధి. మన డాబా మీదనుంచి రాత్రిపూట కొండ ఎట్లా ఉంటుందో ఒక మంచి ఫోటో తీసి పంపు. ఇక్కడ గోడకు పెట్టుకుంటాను."

అడుగక అడుగక ఇన్నాళ్లకు ఒక్కటి యడిగినది. అడిగినదియు ఇదియే.

మొదట నా చేతి ఫోనుతోనే తీసితిని. కొండ వచ్చినది గాని, దానిమీద ఎవ్వరో ఇసుక చల్లినట్లు చుక్కలుచుక్కలుగా వచ్చినది. అమ్మాయి కళాశాలలో చదువునప్పుడు కొనుక్కొన్న కెమేరాయు స్టాండును బీరువాలో పట్టుబట్టల క్రింద నున్నవి. వానిని బయటికి తీసితిని. వాడుక నేర్పించుటకు అమ్మాయినే అడిగినచో తొందరపెట్టునని, మా తమ్ముని కుమారుని పిలిపించుకొని రెండు పూటలు నేర్చుకొంటిని.

నాకు తెలిసివచ్చిన మొదటి సంగతి యిది. మన కన్ను చీకటికి అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. అలవాటు పడినపిదప నెంతసేపు చూచినను అంతకంటె నెక్కువ కానరాదు. కెమేరా అట్లు కాదు. దాని తలుపు తెరచియుంచిన కొలది వెలుగును కూడబెట్టుకొనుచు పోవును. పదునైదు సెకండ్లు, ఇరువది సెకండ్లు తెరచియుంచినచో మనకు కనబడనిది కూడ దానికి కనబడును. అయితే ఆ కొంతసేపును అది కదలరాదు. తోడుపెట్టిన పాలగిన్నెను కదపకుండ నుంచినట్లుంచవలెను. మీట నొక్కిన మన వ్రేలి అదురునకే చిత్రము చెడును. కావున నొక్కిన రెండు సెకండ్లకు గాని తలుపు తెరచుకొనకుండ ఏర్పాటు చేసికొనవలెను. చీకటిలో అది తనంతట తాను దృష్టి నిలుపుకొనలేదు. గుడిదీపమును తెరమీద పెద్దది చేసికొని, కటకపు వలయమును చేతితో మెల్లమెల్లగా త్రిప్పి, దీపము ఎప్పుడు చిన్నచుక్క యగునో అప్పుడు విడిచిపెట్టవలెను. కటకము లోపలి కన్నమును చిన్నది చేసినచో ప్రతి దీపమును కిరణములు చాచి నక్షత్రమువలె వచ్చును. ఈ పని యంతయు నాకు అరిసెలపాకము చూచుటకంటె కష్టమనిపించలేదు. రెండింటికిని కావలసినది ఓర్పే.

మార్గశిర పౌర్ణమినాడు మొదటి చిత్రము కుదిరినది. శీతకాలపు పున్నమిచంద్రుడు ఆకాశమున మిక్కిలి యెత్తుగా నడచును. వేసవిలో సూర్యుడు నడచు త్రోవకు దగ్గరగా పోవును. ఆ వెన్నెలలో కొండమీది బండలన్నియు లెక్కపెట్టునట్లుగా వచ్చినవి. ఆకసము నీలము, మన్ను ఎఱుపు, చెట్లు పచ్చన. చాల సంతోషించి క్రిందికి దిగి అత్తగారికి చూపితిని. ఆమె చూచి, "మిట్టమధ్యాహ్నం తీసి రాత్రి అంటావేందమ్మాయ్?" అనిరి.

నిజమే. వెన్నెల యనునది చంద్రునిపై బడి తిరిగివచ్చిన సూర్యకాంతియే గదా! కొలది వెలుగులో మన కన్ను రంగులను గుర్తింపలేదు, కెమేరా గుర్తించును. కావున అది చెప్పినది అబద్ధము కాదు. కాని నేను ముప్పదియైదేండ్లుగా చూచుచున్న రాత్రి అందులో లేదు. చీకటి పోయిన తరువాత రాత్రి యేమి మిగులును?

సరే యని అమావాస్యవరకు ఆగితిని. ఆనాడు కొండ చుక్కలు లేని చోటుగా మాత్రము తెలిసినది. పైన పిల్లలకోడి, ఆ ప్రక్కన రోహిణి ఎఱ్ఱగా, మృగశిర వరుస. అత్తగారు చిన్ననాట పొలమున కావలి పడుకొన్నప్పుడు చుక్కలనుబట్టి జాములు లెక్కించెడివారట. ఇరువది సెకండ్లలో భూమి తిరుగుడు అయిదు కళలు మాత్రమే, అనగా డిగ్రీలో పండ్రెండవ వంతు. కావున చుక్కలు చుక్కలుగానే యుండును. అరగంట తెరచియుంచినయెడల గీతలగును. ధ్రువనక్షత్రమును వెదకితిని. మన వినుకొండకు అది నేలనుండి పదునారు డిగ్రీల యెత్తుననే, ఇండ్లకప్పుల వరుసలో నుండును. అమ్మాయి యున్నచోట అదియే చుక్క దాదాపు నలువదినాలుగు డిగ్రీల యెత్తున నుండును. ఒక్కచుక్కనే చూచుటకు అది తల యెత్తవలెను, నేను ఎత్తనక్కరలేదు. ఈ లెక్క తెలిసిన రాత్రి ఏలనో నిద్ర పట్టలేదు.

ఆ రాత్రియే గబ్బిలములు కెమేరాకు అడ్డముగ అటునిటు ఎగిరినవి. నా కండ్లయెదుటనే పది పదునైదుసారులు దాటినవి గాని చిత్రములో ఒక్కటియు పడలేదు. నిలువనిదానిని కెమేరా యెరుగదు. గబ్బిలమనగానే మా యూరివారికి జాషువాగారు జ్ఞప్తికి వత్తురు. 1895లో ఇచ్చటనే పుట్టిన గుఱ్ఱం జాషువా మహాకవి 1941లో వెలువరించిన 'గబ్బిలము'న, గుడిలోనికి ప్రవేశము లేని మనుష్యుడు, స్వేచ్ఛగా గుడిలోనికి పోవు గబ్బిలముచేత కాశీ విశ్వేశ్వరునకు తన మొర పంపుకొనును. ఊరికి పేరు తెచ్చిన కావ్యములోని పక్షి మా డాబామీద ప్రతిరాత్రి ఎగురుచున్నను నేను దానిని పట్టుకొనలేకపోతిని. (పక్షి యన్నందుకు మా తమ్ముని కుమారుడు నవ్వును. గబ్బిలము పిల్లలకు పాలిచ్చు జంతువని నాకును తెలియును.)

మరియొక చిక్కు మంచు. గాలి లేని నిర్మలమైన రాత్రి కటకము తన వేడిమిని ఆకసమునకు విడిచి చుట్టునున్న గాలికంటె చల్లబడును. అప్పుడు దానిమీద ఆవిరి చెమ్మయై దిగును. తెలియక అరగంట తీసిన చిత్రములన్నియు గంజినీళ్లలో నుండి చూచినట్లుగా వచ్చినవి. పిదప ప్రతి చిత్రమునకు ముందు మెత్తని పాతధోవతి గుడ్డతో అద్దితిని. అయితే ఆ చలి నాకు మేలును చేసినది. చలిరాత్రులలో నేలనంటిన గాలి పైగాలికంటె చల్లగా నుండుటచేత పొయ్యిల పొగ పైకి లేవదు. కొండ అడుగున నీలిపంచె ఆరవేసినట్లు బారుగా పరచుకొనును. ఆ పొగచాలు లేక శీతకాలపు రాత్రి లేదు. దానిని చిత్రములో నిలుపవలెనని నిశ్చయించుకొంటిని.

ఇక కూర్పు మాట. రంగవల్లి పెట్టువారికి ఇది క్రొత్త కాదు. చుక్కలెన్ని పెట్టవలెనో అన్నదానికంటె ఎచ్చట ఆపవలెనో తెలియుటయే నేర్పు. చిత్రములో కొండను నడిమికి తెచ్చినచో గోడగడియారమువలె నున్నది. ఒక ప్రక్కకు జరిపి, రెండవ ప్రక్క ఆకసమును విడిచినచో ఊపిరి వచ్చినది. దీపము పై మూడవ పాలున నుండవలెను. పొగ క్రింద నుండవలెను. కరెంటుతీగలను ఏమి చేసినను తప్పింపలేకపోతిని. అవి యుండనిమ్మంటిని. స్తంభములను, కడ్డీలను మాత్రము ఉండనిచ్చుటకు మనసొప్పలేదు. డాబా మూలకు, పిట్టగోడ దగ్గరకు జరిగి, స్టాండును పొట్టిగా చేసి, మా నీళ్లతొట్టిని అడ్డము పెట్టుకొంటిని. అటనుండి చూచినచో స్తంభములు తొట్టి వెనుకకు పోయినవి. కొండ మాత్రమే మిగిలినది.

పుష్య శుద్ధ సప్తమినాటి రాత్రి పదిగంటలకు ఆ చిత్రము తీసితిని. అర్ధచంద్రుడు పడమటికి వాలియుండెను. ప్రక్కనుండి వచ్చు వెలుగులో కొండ సగము వెలుగు, సగము చీకటి. పొగచాలు పరచుకొన్నది. దీపము మినుకుమనుచున్నది. నాకే నమ్మకము కలుగలేదు. నేను తీసినదేనా యని రెండు మూడు మారులు చూచుకొంటిని. 1990లో నేను తొలిసారి చూచిన కొండ అది.

ఉదయముననే అత్తగారికి చూపితిని. ఆమె కండ్లజోడు పెట్టుకొని చాలసేపు చూచి, "బాగుంది" అనిరి. ఆమె నోట ఆ మాట వచ్చుట అరుదు. మరల చూచి, "ఆ కడ్డీలేవి?" అనిరి.

"తప్పించానత్తయ్యా."

"అమ్మాయికి చెప్పలా?"

"లేదు. అది బాధపడుతుందని."

ఆమె ఫోనును నా చేతికిచ్చి, "సంతకం పెట్టిందాన్ని నేను. కొండ పోతుందని నాకు ఆనాడే తెలుసు. నాకు లేని బాధ దానికెందుకు? ఉంటే మాత్రం పడనీ. దాని చదువుకేగా అమ్మింది," అని బియ్యములోని రాళ్లు ఏరుకొనుటకు కూర్చుండిరి.

నేను ఆ పగలంతయు ఆమెపై కోపముతోనే పని చేసితిని. సాయంకాలమునకు కోపము చల్లారినది గాని ఆ మాట చల్లారలేదు. నేను దాచినది అమ్మాయి కష్టపడుననియా, లేక 'నీవలననే పోయినది' యని పైకి అనకుండ లోలోపల అనుకొనుచుండుటచేతనా? మొదటిదే అని ఇన్నాళ్లు నన్ను నేను నమ్మించుకొంటిని. తల్లి యన్నది ఇట్టి లెక్క వేయవచ్చునా యని నన్నడుగకుడు, వేసితిని.

ఆ రాత్రి స్టాండును మొదటిచోటనే నిలిపితిని. స్తంభములు నడుమనే నిలిచినవి, వాని సందున కొండ. ఇరువది సెకండ్లు తెరచి మూసి చూచుకొనునప్పటికి, క్రింద స్తంభముల నడుమ ఎఱ్ఱగా ఒక వెలుగు, ఆ వెలుగుదగ్గర కూర్చున్న ఒక ఆడుమనిషి రూపము. మేడ కావలికి పెట్టినవారు చలిమంట వేసికొన్నారు. పగటి పూట మగడు సిమెంటు కలుపును, భార్య ఇసుక మోయును. రాత్రి అక్కడనే రేకులగుడిసెలో కాపురము. ఏడాది నిండని కొడుకు. శ్రీకాకుళం వైపునుండి వచ్చిరి. వారితో నా పరిచయ మెంత యనిన, రెండుమారులు కుళాయినీళ్లు అడిగిరి, ఇచ్చితిని. ఒకమారు దుమ్ము నా వడియాలమీద పడుచున్నదని కసరితిని. అంతమాత్రమే.

సెంట్రింగుచెక్కల ముక్కలు వేసి మంట వేసికొనియున్నారు. ఆ వెలుగు స్తంభములకు అడుగునుండి తగిలి, నేను కసరుకొనుచుండిన ఆ కాంక్రీటు పసుపుపూసిన గడపకమ్మివలె నుండెను. చిత్రము నిజముగా బాగున్నది. కాని దానిని చూచుచుండగా నాకు సిగ్గయినది. గోడలు లేని యిల్లని వారి పడకటింటిలోనికి తొంగిచూచినట్లుండెను.

పూర్వము హైదరాబాదులో రాజా దీనదయాళుగారు నిజాము కొలువున ఛాయాచిత్రకారుడుగా నుండిన కాలమున, 1892లో, ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగ ఒక స్టూడియో పెట్టించిరి. చుట్టును ఎత్తయిన గోడలు. లోపల పనియంతయు స్త్రీలదే. దానిని నడిపినది కెన్నీ-లెవిక్ అను ఇంగ్లీషు దొరసాని. జమీందారిణులు, నవాబుల యింటి ఆడువారు పరాయి కంటబడక చిత్రములు తీయించుకొనిరి. తన రూపము ఎవరికంట పడవలెనో, ఎవరిచేత పడవలెనో తాను నిర్ణయించుకొను హక్కు వారికి గోడలవలన దొరికినది. గోడలు లేనివారికి? కెమేరా మన చేతికి వచ్చినపిదప ఆ ప్రశ్నయు మనదేయైనది. మన దేశమున పత్రికలకు ఛాయాచిత్రములు తీసిన తొలి మహిళగా పేరుగన్న హోమాయి వ్యారావాలాగారి తొలిచిత్రములు భర్తగారి పేరుతో అచ్చయినవి. 2011లో ఆమెకు పద్మవిభూషణ బిరుదము వచ్చినది. చిత్రము తీయుటకు ఆడుదానికి స్వేచ్ఛ దొరకుటకే అంతకాలము పట్టినది. ఆ స్వేచ్ఛ దొరికిన మరునాడే దానిని మంటకాచుకొను పేదరాలిపై త్రిప్పుట నాకు నచ్చలేదు. ఆ చిత్రమును చెరిపివేసితిని.

మరునాడు వడియాల పళ్లెము దించుచు ఆమెను పిట్టగోడ మీదినుండి పిలిచి అడిగితిని. ఆమె ఇసుకతట్ట దించి, "ఏటమ్మా, పోటో కొండకా, మాకా?" అన్నది.

"కొండకే. మీరూ అందులో ఉంటారు."

"ఉంటే ఉంటాం. ఇల్లు లేచినాక ఎల్లిపోతాం గదా." ఒక నిమిషమాగి, "మా బుల్లోడికి పోటో నేదమ్మా. ఒకటియ్యి," అన్నది.

దశమినాటి రాత్రి, ముక్కోటి ఏకాదశికి ముందుదినము, తొమ్మిదిగంటలకు వారు మంట వేసిరి. చంద్రుడు నేను కోరినదానికంటె నెక్కువ ప్రకాశముగా నుండెను గాని పలుచని మబ్బు అడ్డువచ్చి కాపాడినది. మంట వెలుగు అధికమగునని ఎనిమిది సెకండ్లు మాత్రమే తెరచితిని. కదలవద్దని పైనుండి కేకవేయగా ఆమె శిలాప్రతిమవలె కూర్చుండినది. ఆమె మగడు సరిగా ఆ నిమిషముననే చెక్క త్రోయుటకు లేచెను. ఒడిలోని పిల్లవాడు చేయి విసరెను. తెరమీద చూచితిని. తల్లి స్పష్టముగ వచ్చినది. తండ్రి పొగవలె, ఆయన మేనిగుండ స్తంభము కనబడుచున్నది. పిల్లవానికి ఒక ముఖము, నాలుగైదు చేతులు.

1838లో పారిస్ నగరమున డగేరు అనునతడు కిటికీనుండి ఒక రాజవీధిని చిత్రించెను. ఆ కాలపు రేకు పక్వమగుటకు చాల నిమిషములు పట్టెడిది. అందుచేత వీధిలో పోవుచుండిన బండ్లు, గుఱ్ఱములు, జనము అంతయు మాయమైపోయి, బూట్లు తుడిపించుకొనుటకు ఒకచోట నిలిచియుండిన ఒక్క మనుష్యుడు మాత్రమే నిలిచెను. ఛాయాచిత్రములో పడిన తొలి మనుష్యులలో నతడొకడని చెప్పుదురు. అతడెవ్వడో ఎవ్వరికి తెలియదు. 1898లో న్యూయార్కు నగరమున ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ గడ్డకట్టిన రాత్రియందు చెట్లబారునకును దీపములకును తీసిన చిత్రమును నేను చూచితిని. అందును మనుష్యులు లేరు. శీతకాలపు రాత్రియని తీసినవారందరు ఏలనో మనుష్యులు లేని చోటునే వెదకికొనిరి. మా అమ్మాయియు అంతే, నేనును అంతే.

మరియొకటి తీసితిని, పిల్లవాడు నిద్రించినపిదప. అది చక్కగా వచ్చినది గాని మొదటి దానిలోని ప్రాణము లేదు. కావున చేతులనేకము గలదానినే నిలుపుకొంటిని. కొండ వెనుక నున్నది. దీపము రెండు కడ్డీల నడుమ నున్నది. కరెంటుతీగలు సరేసరి.

ఊరిలోని స్టూడియోలో మూడు ప్రతులు వేయించితిని. ఒకటి మంటదగ్గరివారికి. ఆమె దీపము వెలుగులో పట్టుకొని కొండవైపు చూడనే చూడలేదు. పిల్లవాని ముఖముపై వ్రేలుంచి, "ఈడి సేతులు సూడు, అమ్మోరిలాగ," అని మగనికి చూపించి నవ్వినది. తన ముఖమునుగూర్చి యేమియు అనలేదు. రెండవమారు అడిగితే, "నల్లగా ఉన్నానమ్మా," అన్నది. చిత్రమును బియ్యపుడబ్బా వెనుక దాచినది.

అమ్మాయికి రెండు చిత్రములను పంపితిని, తొట్టిచాటుననుండి తీసినదియు, ఇదియు. ఎట్లు తీసితినో, మొదటిదానిలో దేనిని దాచితినో రెండు పంక్తులు వ్రాసితిని. మాకు రాత్రి తొమ్మిదిన్నర. దానికి పగలు పదకొండు. ఆ రాత్రి బదులు రాలేదు. తెల్లవారి నేను పాలు కాచుచుండగా ఫోను మ్రోగినది. కొంతసేపు ఏమియు మాటలాడలేదు. నేనును మాటలాడలేదు. పాలు పొంగిపోయినవి.

"మన స్థలంలోనేనా అమ్మా?"

"అవును."

"చెట్టు?"

"తీసేశారు."

మరల మౌనము. నేను సిద్ధముచేసి యుంచుకొన్న మాటలేవియు పైకి రాలేదు; వచ్చియున్నను అది వినదలచినట్లు తోచలేదు. కొంతసేపటికి, "ఆ బాబుకు స్వెట్టరు లేదామ్మా?" అని యడిగెను. నేను వారిని పదిమారులు చూచితిని, ఎనిమిది సెకండ్లు కన్నార్పక చిత్రించితిని, పిల్లవాని మీద చొక్కా మాత్రమే యున్నదన్న సంగతి నా కంటబడలేదు.

గోడకు మాత్రము మొదటి చిత్రమునే పెట్టుకొన్నదట. అదియే బాగున్నది గదా యన్నది. రెండవదానిని ఎచ్చట నుంచినదో నేనడుగలేదు.

దాని చిన్ననాటి పచ్చని ఉన్నిచొక్కా అత్తగారు అల్లినది. బీరువాలో కెమేరా యుండిన చోటనే, పట్టుబట్టల క్రింద దొరికినది. పిల్లవానికి భుజములకడ కొంచెము బిగువైనది. సంక్రాంతికి ముందు మేడకు రెండవ కప్పు పోసిరి. ఆనాడు కంకర యంత్రము చప్పుడునకు వాడు ఆ చొక్కాతోనే మా గడపలో నిదురించెను.

ఇప్పుడు కొండ నడుమవరకు మరుగైనది. శిఖరము, దీపము కనబడుచున్నవి. అత్తగారు రాత్రి డాబా యెక్కి చేతులు జోడించుట మానలేదు. మూడవ కప్పు మాఘమాసములో పోయుదురట. కెమేరాను నేనింకను బీరువాలో పెట్టలేదు.